మోషన్ రిపోర్టులో "ఎంటమీబా కోలై సిస్టులు": మాత్రలు వేయాలా?

నాచారం నాన్న
మా పాపకి తొమ్మిదేళ్లు. రెండు వారాలుగా కడుపునొప్పి. మోషన్ టెస్టులో "ఎంటమీబా కోలై సిస్టులు" అని వచ్చింది. చీము, రక్తం లేవు. అమీబాకి వాడే మెట్రోనిడజోల్ మాత్రలు రాశారు. వేయమంటారా? ఇంట్లో ఆర్వో నీళ్లే తాగుతాం, మరి ఇదెలా వచ్చింది?

చార్మినార్ చాయ్
ఈ.కోలై డేంజర్ అన్నా! మా బావమరిదికి యూరిన్‌ల వచ్చి ఐదు రోజులు అడ్మిట్ ఉన్నడు. లైట్ తీస్కోకు.

స్లైడు మాస్టారు
అది బ్యాక్టీరియా నాయనా, ఇది అమీబా. పేరొకటే, ఇంటిపేర్లు వేరు. 22 ఏళ్లుగా మైక్రోస్కోపు ముందే కూర్చున్నా. అయోడిన్ వేసి చూస్తే కోలై సిస్టులో, అంటే పెంకు కట్టుకుని కదలకుండా ఉన్న అమీబాలో, ఎనిమిది దాకా న్యూక్లియస్‌లు కనిపిస్తాయి, జబ్బు చేసే హిస్టోలిటికా అమీబాలో నాలుగు దాటవు. కోలై ఏ హానీ చేయదు. కాకపోతే మలం అంటిన నీళ్లో, తిండో లోపలికి వెళ్లిందని చెప్పే చాడీకోరు.

ఉప్పల్ ఉమ
నిరుడు నాకు "హిస్టోలిటికా" అన్నారు. పది రోజుల మాత్రలు. నోట్లో ఎప్పుడూ ఇత్తడి చెంచా పెట్టుకున్నట్టే, ఆవకాయ కూడా చేదు.

మైక్రో పీజీ
ఉమగారూ, మీది డిస్పార్ అనే ఇంకో అమీబా కూడా అయ్యుండొచ్చు. దాని సిస్టు అచ్చం హిస్టోలిటికాలాగే ఉంటుంది, కానీ జబ్బు చేయదు. బ్రంప్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1925లోనే ఇవి రెండూ వేరన్నాడు, 1993 దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కదిలే అమీబా ఎర్ర కణాల్ని మింగి కనిపిస్తే హిస్టోలిటికా అని అనుమానించొచ్చు. లేదంటే మోషన్‌లో దాని ప్రొటీన్‌ని పట్టే యాంటిజెన్ టెస్టో, జన్యువుని పట్టే పీసీఆరో చేయాలి. నాలుగు లెక్కపెట్టి పేరు రాసేయడం కాదు మాస్టారూ.

స్లైడు మాస్టారు
నేను "హిస్టోలిటికా/డిస్పార్" అనే రాస్తా! పీసీఆర్ చేయిద్దామంటే డబ్బెవరిస్తారు? పొద్దున ఆరింటి శాంపిల్ జామ్ సీసాలో పోసి పదకొండింటికి తెస్తారు. పల్చటి మోషన్ అరగంటలో చూడకపోతే కదిలే అమీబా ఎక్కడుంటుంది, మీ థీసిస్‌లోనా?

మైక్రో పీజీ
కోప్పడితే అమీబా మారదు సార్. హాని చేయని ఎండోలిమాక్స్ నానా అనే అమీబా సిస్టుకీ నాలుగు న్యూక్లియస్‌లే ఉంటాయి.

స్లైడు మాస్టారు
దాని సిస్టు 5-10 మైక్రాన్లు, హిస్టోలిటికాది 10-20. ఐపీస్‌లో స్కేలు వేసి కొలవడం నేర్పలేదా మీ కాలేజీలో?

అల్వాల్ అల్లుడు
ఈ లెక్కలు తర్వాత చూస్కోండ్రి. మా చిన్నాయనకు హిస్టోలిటికాతోనే లివర్‌ల చీముగడ్డ, కుడిదిక్కు. సూది పెట్టి గుంజితే చాక్లెట్ రంగు. మోషన్‌ల మాత్రం ఏం రాలే! మెట్రోనిడజోల్ అయినంక పేగుల మిగిలినవి పోవాలని ఇంకో మాత్ర ఇచ్చిండ్రు. కల్లు బంద్ జెయ్యమన్నరు.

చార్మినార్ చాయ్
కల్లునేమనకు భయ్. చెట్టు మీది కల్లయితే ఏంగాదు.

అల్వాల్ అల్లుడు
మా చిన్నాయన గూడ గదే అంటుండె.

నాచారం నాన్న
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, డాక్టరుగారిని మళ్లీ అడిగా. కోలైకి మందు అక్కర్లేదు, ఆపేయమన్నారు. నొప్పికి కారణం వేరే చూద్దామన్నారు. రోజు విడిచి రోజు ఇంకో రెండు శాంపిళ్లు కావాలట. పాపేమో స్కూలు గేటు దగ్గర రోజూ పానీపూరీ తింటోందని నిన్ననే బయటపడింది.

ఉప్పల్ ఉమ
అయ్యో, ఇంట్లో ఆర్వో పెట్టుకుని ఏం లాభం! కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్‌కి ఆ సిస్టులు తేలిగ్గా చావవట, మరిగిస్తే చస్తాయి. పానీపూరీ నీళ్లు ఎవరు మరిగిస్తారు?

స్లైడు మాస్టారు
శాంపిల్ మాత్రం జామ్ సీసాలో తేకండి.