కువైట్‌లో ఇండ్ల ముందర కూలర్ నీళ్ళు మనం తాగొచ్చా?

ప్రొద్దుటూరు అబ్బాయి:
అన్నలకు, అక్కలకు నమస్తే. కువైట్‌కొచ్చి 19 దినాలైంది. సబాహ్ అల్ సాలెంలో ఒక బకాలాలో, అంటే కిరాణా అంగడిలో పని. ఫోన్ చేసినోళ్ళ ఇండ్లకు సామాన్లు మోసకపోయి ఇచ్చి రావాల.

ఎండ సంగతి ముందే చెప్పినారు. మన కడప ఎండలు చూసినోన్ని, నాకేమవుతుందిలే అనుకుంటి. ఇక్కడ గాలి వీస్తే బట్టీ మూతి దగ్గర నిలబడినట్టుంది. మధ్యాహ్నం వీధిలో మనిషి కనపడడు. శుక్రవారం సెలవు, ఆదివారం పని, దానికింకా అలవాటు పడలేదు. మా అమ్మ అన్నం తిని తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే ఇక్కడ ఏడు గంటలు, అంగడి నిండా జనం. రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాను.

అడగాలనుకున్నది వేరే. చాలా ఇండ్ల ప్రహరీ బయట స్టీలు కూలర్లున్నాయి. రెండు మూడు కొళాయిలు, గొలుసుకు కట్టిన గ్లాసు. కాపలా ఎవరూ ఉండరు. నిన్న నోరెండిపోయి గ్లాసు పట్టుకున్నా. గేటు తెరుచుకుని కారు బయటికొచ్చేసరికి వదిలేసి వచ్చేసినా. ఊర్లో మా వీధిలో ట్యాంకరొచ్చే దినం బిందెకు బిందె లెక్క. ఒకరి వాకిట్లో నీళ్ళు అడక్కుండా పట్టుకుంటే కొట్లాటే. ఆ భయం పోలేదు. తాగితే ఏమన్నా అంటారా?

ఇంకోటి, రూములో చల్లనీళ్ళ కొళాయి తిప్పినా కాగిన నీళ్ళే వస్తాయి. స్నానం ఎట్ల చేస్తారు?

బద్వేలు డ్రైవర్:
ధైర్యంగా తాగు తమ్ముడూ. దాన్ని సబీల్ అంటారు, మన చలివేంద్రం లాంటిది. మన పక్క ఎండాకాలం పోతూనే ఎత్తేస్తారు, ఇక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది. మసీదుల దగ్గర కూడా చూస్తావు. 11 ఏండ్లుగా సీసాలు నింపుకుంటున్నా, ఒక్కరూ ఒక్క మాట అన్లేదు.

స్నానానికి ఒక ఉపాయముంది. ట్యాంకు మిద్దె మీద ఉంటుంది కాబట్టి నీళ్ళు ఎండకు కాగుతాయి. గీజరు స్విచ్చి ఆపెయ్. గీజరు లోపల నీడలో ఉంటుంది, దాంట్లో నిలిచిన నీళ్ళు చల్లబడతాయి. వేడినీళ్ళ కొళాయి తిప్పి పోసుకో. సెప్టెంబరు దాకా మేమంతా ఇంతే.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించగూడదని ఇక్కడ రూలు. తెలిసుండాల.

జమ్మలమడుగు అక్క:
నాయినా, నేను పనిచేసే ఇంట్లో బాబా, అంటే ఇంటి యజమాని, చనిపోయినాక ఆయన పేరున మామా, అంటే ఆయన భార్య, కూలర్ పెట్టించింది. దినాం పొద్దున్నే దాన్ని తుడిచేది నేనే. వీధులూడ్చే పిల్లోళ్ళు, తోటపని వాళ్ళు వచ్చి తాగుతారు. ఒక ముసలాయన తాగినాక రెండు చేతులూ ఎత్తి ఏదో అనుకుని పోతాడు. ఆయన రాకపోతే ‘ఈరోజు కనపడలేదే’ అని మామా నన్నడుగుతుంది. నువ్వు తాగితే వాళ్ళకు పుణ్యం వచ్చినట్టు. భయపడొద్దు.

ఈ దేశంలో నది లేదు. వెనకటికి ఇరాక్ పక్కనుండే షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్ళు తెచ్చి అమ్మేవాళ్ళంట. 1953లో సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు పెట్టినారు. సముద్రమొడ్డున ఉండే కువైట్ టవర్స్ చూసినావా? ఆ టవర్ల మీదుండే పెద్ద గుండ్ల కడుపులో ఉండేది కూడా నీళ్ళే. ఈ మాట విన్న దినం నాకు మా పెన్న గుర్తొచ్చింది. ఎండిన ఇసకలో చెలమ తోడి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, చెంబుతో బిందె నింపుకునేవాళ్ళం. గ్లాసులో మిగిలితే పారబోయకు, పక్కన చెట్టు మొదట్లో పొయ్యి.

ప్రొద్దుటూరు అబ్బాయి:
అక్కా, అన్నా, ఈరోజు తాగినా. రెండు గ్లాసులు. పండ్లు జివ్వుమన్నాయి. మిగిలిన గుక్కెడు ఈతచెట్టుకు పోసినా. గీజరు కూడా ఆపేసినా, రాత్రికి చూడాల.

అమ్మకు చెప్తే ‘ఎవరి పేరున పెట్టినారో కనుక్కో రా, ఆయనకు దండం పెట్టుకుంటా’ అనింది. కూలర్ మీద అరబీలో రాసుంది, నాకు చదవను రాదు. అక్కా, ఫోటో పంపిస్తే మీ మామానడిగి చెప్తావా?