అమ్మానాన్నలను టేస్టింగ్ మెనూ భోజనానికి తీసుకువెళ్లవచ్చా? (చెన్నై)

వేళచ్చేరి వాసి
నాన్నగారి షష్టిపూర్తి ఊళ్లో అయిపోయింది. కార్తీకంలో వారిద్దరూ చెన్నై వస్తున్నారు కనుక, గిండీలోని ఐటీసీ గ్రాండ్ చోళ హోటల్లో ఉన్న ఆవర్తన రెస్టారెంటుకు, టేస్టింగ్ మెనూ (వంటవారే ఎంచిన చిన్న చిన్న వంటకాలను ఒకదాని వెంట ఒకటిగా వడ్డించే) భోజనానికి తీసుకువెళ్లాలని నా కోరిక. 2023లో ఆసియాలోని 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో దానికి 30వ స్థానం దక్కింది. అయితే అమ్మ కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. నాన్నగారికి పెరుగన్నం పడనిదే భోజనం చేసినట్టుండదు. ఇటువంటి చోట్లకు పెద్దవారిని తీసుకువెళ్లినవారు తమ అనుభవం చెప్పగలరు.

అడయార్ కోడలు
మా అత్తమామలతో అక్కడికే వెళ్లాము. మెనూలు ఏడు కోర్సుల నుంచి పదమూడు దాకా ఉంటాయి, శాకాహారానికి విడిగా ఉంది. పెద్దవారికి ఏడు చాలునని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక్కొక్క వంటకం రెండు మూడు ముద్దలే అయినా కోర్సుకూ కోర్సుకూ మధ్య వ్యవధి వల్ల మొత్తం రెండు గంటలు దాటిపోతుంది. అక్కడ అందరూ చెప్పుకునేది టొమాటో చారు గురించే. తేటగా దించిన ఆ రసాన్ని కాఫీకి వాడే ఫ్రెంచ్ ప్రెస్‌లో పచ్చి ఆకులతో కలిపి, మన కళ్లముందే పిడిని కిందికి నొక్కి గాజు గ్లాసులోకి వంచుతారు. టొమాటో ఎరుపు మచ్చుకైనా లేని ఆ నీటిని మామయ్యగారు అనుమానంగా చూసి, ఒక్క గుక్క తాగి, "ఇది చారే!" అన్నారు. చివర్లో గూటిలో గుడ్డులా కనిపించే సోంపు పన్నాకోటా (మీగడతో చేసే తీపి వంటకం) వస్తుంది. శాకాహారులు కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి.

ఉల్లి, వెల్లుల్లి సంగతి మాత్రం రిజర్వేషన్ నాడే చెప్పి తీరాలి. టేస్టింగ్ మెనూలో సాస్‌లు, పొడులు, నూనెలు ముందుగానే తయారై ఉంటాయి కనుక, బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వంటవాడు తీసివేయగలడే గాని కొత్తగా చేయలేడు.

కోరమంగళ కాపురం
పై మాట అక్షరాలా నిజం. బెంగళూరులో పేరు చెప్పదలచుకోని ఒక చోట మేము బల్ల దగ్గరే చెప్పాము. మిగతావారికి వచ్చిన వంటకమే మా పిన్నికి సాస్ లేకుండా వచ్చింది, అంటే పళ్లెంలో మిగిలింది ఒక అప్పడం ముక్క, రెండు చిగుళ్లు. ధరలో మాత్రం ఏ తేడా లేదు. పైగా ప్రతి పళ్లేనికీ ముందు సాగే ఉపన్యాసం ముగిసేలోగా వేడిది చల్లారిపోయింది.

బెంగళూరు వైపు ఆలోచన ఉంటే యలహంక దాటాక ఫార్మ్‌లోర్ అనే రెస్టారెంటు ఉంది. 37 ఎకరాల తోటలో 18 మందికే చోటు, కట్టెల పొయ్యి మీద వంట, తోటలో పండినదాన్ని బట్టి మెనూ. నగరానికి అవతలి చివరనున్న ఎలక్ట్రానిక్ సిటీ నుంచి బయలుదేరే వారు ట్రాఫిక్‌లోనే సగం ఆకలి తీర్చుకోవలసి వస్తుంది, అది వేరే సంగతి.

లెక్కల మనిషి
మెనూ మీద చూసిన ధర బిల్లులో ఉండదు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్లోని రెస్టారెంటు భోజనంపై 18 శాతం జీఎస్టీ పడుతుంది; అటువంటి హోటళ్లకు సంబంధం లేకుండా విడిగా నడిచే రెస్టారెంటుకు 5 శాతమే. నలుగురి బిల్లులో ఇది చిన్న తేడా కాదు. సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతట అదే చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. కనుక తీసివేయమని మర్యాదగా అడగవచ్చు. సేవ నచ్చితే మీ ఇష్టంతో ఇవ్వడం వేరు. ముందుగా సొమ్ము కట్టించుకునే చోట, రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

మైలాపూర్ మామయ్య
నేను కొంచెం ఎదురు చెబుతాను. బంతి భోజనంలో వడ్డించేవాడు మన విస్తరి చూసి మారు వడ్డిస్తాడు, వద్దంటే ఆగుతాడు. ఇక్కడ చారు ఎంత బాగున్నా రెండోసారి రాదు. మా వయసు వారికి ఆ లోటు గట్టిగానే తెలుస్తుంది. అయినా తీసుకువెళ్లండి, కాని కార్తీక సోమవారం మాత్రం వద్దు. పగలంతా ఉపవాసం ఉండి నక్షత్ర దర్శనం అయ్యాక వచ్చిన మనిషి ముందు బొటనవేలంత వంటకం పెట్టి, తరువాతిదానికి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టడం న్యాయం కాదు.

వేళచ్చేరి వాసి
అందరికీ కృతజ్ఞతలు. సోమవారమే అనుకున్నాను, బుధవారానికి మార్చాను. ఉల్లి, వెల్లుల్లి సంగతి ఫోనులో చెప్పి, మెయిల్ కూడా పంపాను. రెండింటికీ బదులుగా వాడే పదార్థాలేమిటో వంటవారిని అడిగి మళ్లీ రాస్తామన్నారు. నాన్నగారి పెరుగన్నం ఇంటికి వచ్చాక అమ్మే కలుపుతానంది.