తాళి కట్టేటప్పుడు టిక్స్ ఆగాలా, ఆగొద్దా?

ఓరుగల్లు_కలం:
నవల రాతప్రతి మీద పంచాయితీ తెగుతలేదు. నాయికకు 26 ఏండ్లు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి అడ్తి దుకాణంల లెక్కలు రాస్తది. టూరెట్ సిండ్రోమ్ అనే నాడీ సమస్య, దానికి తోడు యాంగ్జయిటీ. టిక్స్ అంటే తమంతట తాము వచ్చే కదలికలు, చప్పుళ్లు. రెప్పలు గట్టిగ కొట్టుకుంటయి, మెడ ఎడమకు గుంజుతది, గొంతుల ‘హుమ్’ అని చప్పుడు వస్తది. ఆఖరి అధ్యాయంల తాళి కట్టంగనే అన్నీ ఆగిపోతయి. చదివినోళ్లల్ల సగం మంది ఏడ్చినమన్నరు, సగం మంది అబద్ధమన్నరు. ఉంచాలా, తీసెయ్యాలా?

అక్షరాల_అంగడి:
తీసెయ్యి అన్నా. ఆగొచ్చేమో గానీ పెళ్లినాడు మాత్రం ఆగవు. రాత్రంత నిద్ర లేదు, బ్యాండు మోత, హోమం పొగ, మెడ నిండ నగలు. బిగుతు కాలరు తగిలితేనే కొందరికి మెడ టిక్ లేస్తది, ఇంక కంఠె పెడితే? భయమే కాదు, పట్టరాని సంతోషం కూడ టిక్స్‌ను పెంచుతది.

పోతన_మనుమడు:
అట్లయితే ప్రేమకథల ప్రేమకేం పని? పాట పాడేటప్పుడు, మనసు ఒక పనిల లీనమైనప్పుడు టిక్స్ తగ్గుతయి కదా. ఆపుకోవచ్చు కూడ.

నాడీపాఠం:
ఆపుకోవచ్చు, కొద్దిసేపు. టిక్‌కు ముందు ఆ చోట తీటలాంటి సలుపు పుడుతది, కదిలిస్తేనే నిమ్మళం. తుమ్ము ఆపుకున్నట్టే ఉంటది. తర్వాత రెట్టింపై వస్తయని అందరు రాస్తరు, పరిశోధనలల్ల అది గట్టిగ తేలలేదు. ఉండేది అలసట. మంత్రం వినపడదు, పంతులు రెండుసార్లు చెప్పాలె. ఆ ఖర్చు రాస్తే సీను నిలబడతది.

వయసు కూడ చూసుకోండ్రి. టిక్స్ ఎక్కువగ 5 నుంచి 7 ఏండ్ల మధ్య మొదలైతయి, 10–12కు ముదురుతయి, చానామందికి ఇరవై దగ్గరికొచ్చేసరికి తగ్గుతయి. 26ల ఉన్నయంటే ఆమెకు తగ్గకుండ ఉండిపోయినయన్నట్టు. తగ్గించాలంటే సీబీఐటీ శిక్షణ పెట్టుండ్రి, అంటే టిక్స్‌ను మందు లేకుండ అలవాట్లతోని అదుపు చేసే చికిత్స, మామూలుగ 10 వారాలల్ల 8 సార్లు. సలుపు పసిగట్టుడు మొదటి మెట్టు. మెడ టిక్‌కు గదువ కొంచెం కిందికి వంచి, మెడ కండరాలు మెల్లగ బిగించి, సలుపు పోయేదాక లేదంటే ఒక నిమిషం పట్టాలె. ‘హుమ్’కు నోరు మూసి ముక్కుతో నిదానంగ ఊపిరి. దీంతోని తగ్గుతయి, మాయం కావు.

తొమ్మిదో అధ్యాయంల అసలు తప్పుంది. టిక్స్ తగ్గడానికి ఇచ్చే క్లోనిడిన్ గోలీలు భద్రకాళి చెరువుల పారేసి బతుకమ్మ ఆడవోతది. ఆ మందు ఒక్కసారి ఆపితే బీపీ ఎగబాకుతది. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగ తగ్గించాలె. ఇంకోటి, యాంగ్జయిటీ టూరెట్‌కు మూలం కాదు, టిక్స్‌ను ఎగదోస్తది అంతే. దాని చికిత్స వేరు. యాంగ్జయిటీకి ఎక్కువగ రాసే గోలీలు పట్టుకోవడానికి వారాలు పడతది, మీ కథల రెండు రోజులకే నవ్వుతది.

బండారి_బొట్టు:
అత్త ‘శిగమొచ్చింది’, అంటే దేవత పూనింది, అని బండారి పెట్టే సీను ఉంచుండ్రి. మేడారం తొవ్వల ఉన్న పల్లెల గట్లనే అంటరు. కానీ శిగానికి డప్పుంటది, సందర్భముంటది, అయిపోతది. టిక్‌కు ఏ సందర్భం లేదు, కాజీపేట బస్సులనూ వస్తది. అత్త రెండోనాడే ఆ తేడా పట్టాలె, మూర్ఖురాలిని చెయ్యకుండ్రి.

పోతన_మనుమడు:
రిజిస్ట్రార్ ముందట బూతులొచ్చే సీను?

నాడీపాఠం:
టిక్‌గ బూతులు టూరెట్ ఉన్న పది మందిల ఒకరికో, కొంచెం ఎక్కువ మందికో వస్తయి. ఎనిమిది అధ్యాయాలు లేనిది తొమ్మిదోల నవ్వు కోసం తెస్తే చవుక. నవ్వు కావాల్నంటే మిర్చి యార్డుంది. సీజన్ల అందరు దగ్గుతరు, ఆమె ‘హుమ్’ ఎవనికీ తెలువది. ఏడాది మొత్తంల ఆమెకు నిమ్మళం అదే.

ఓరుగల్లు_కలం:
ఇది మంచిగుంది, రాస్తున్న. తాళి సీను మారుస్త: రెండో ముడికి మెడ గుంజుతది, ఆయన ఆగి మళ్ల ముడేస్తడు.

పోతన_మనుమడు:
నాకింకా ఆగితేనే బాగుంటది.

అక్షరాల_అంగడి:
ముడి బిగుసుకోకుంట దారం వదులుగ పట్టాలె, అది రాయి. వెనక ఆడబిడ్డ జడ లేపి పట్టుకుంటది కదా, మెడ ఎడమకు పోతే జడ ఆమె చేతిల గుంజుకుంటది. ఆడబిడ్డను కుడిదిక్కు నిలబెట్టకు, ఎడమదిక్కు నిలబెట్టు.