సీరియళ్ళలో స్వలింగ ప్రేమికులకు చావు తప్ప వేరే ముగింపు ఉండదా?

పెన్నాగట్టు (కడప): 'కిల్లింగ్ ఈవ్' అనే ఇంగ్లీషు సీరియల్ నాలుగు సీజన్లూ ఆలస్యంగా, ఈ మధ్యనే చూసి ముగించాను. 2018 నుంచి 2022 దాకా ఒకరినొకరు వేటాడుతూ, ప్రేమలో పడుతూ వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, గూఢచారి ఈవ్, హంతకి విలనెల్ చివరికి ఒక్కటయ్యారో లేదో, విలనెల్ థేమ్స్ నదిలో తూటాలకు బలైపోయింది. మూల నవలల్లో ఇద్దరూ బతికే ఉంటారు. ఆ నవలలు రాసిన ల్యూక్ జెన్నింగ్స్ కూడా ఈ ముగింపును బహిరంగంగానే తప్పుపట్టాడు.

తుంగభద్ర (కర్నూలు): విలనెల్ డబ్బు తీసుకుని మనుషులను చంపే హంతకి అన్న సంగతి మరిచిపోయారా? ఆమె మనవళ్ళను ఆడించుకుంటూ ఉండగా కథ ముగియాలా?

పెన్నాగట్టు: సరే, హంతకిని వదిలేద్దాం. 2002లో 'బఫీ' సీరియల్లో టారా ఎవరిని చంపింది? ప్రియురాలు విల్లోతో రాజీపడి మళ్ళీ కలిసిన వెంటనే, వేరొకరి కోసం పేల్చిన తూటా కిటికీలోంచి వచ్చి ఆమెకు తగిలింది. 2016లో 'ది హండ్రెడ్'లో సేనాని లెక్సా కూడా తన ప్రియురాలు క్లార్క్‌తో ఒక్కటైన కాసేపటికే, క్లార్క్‌కు గురిపెట్టిన తూటాకు పోయింది. పద్నాలుగేళ్ళు గడిచినా తూటా మాత్రం మారలేదు.

తుంగభద్ర: లెక్సాగా నటించిన అమ్మాయి అప్పటికే మరో సీరియల్లో ముఖ్యపాత్ర వేస్తోంది. కాల్షీట్లు లేని నటిని పెట్టుకుని రచయిత ఏం చేయగలడు?

గుత్తికోట (అనంతపురం): మన తెలుగు సీరియళ్ళలో చచ్చినవాళ్ళు వంద ఎపిసోడ్ల తరువాతైనా తిరిగివస్తారు. పాపం, వీళ్ళకు ఆ యోగం కూడా లేదు.

పెన్నాగట్టు: దూరదేశానికి పంపవచ్చు. అంతటి సేనానికి యుద్ధంలోనైనా చావు రాయవచ్చు. ఆ చావును రాయించిన తీరుకు నిర్మాత జేసన్ రోథెన్‌బర్గ్ అదే నెలలో తానే క్షమాపణ రాసుకున్నాడు.

తుంగభద్ర: తూటా అయినా కత్తి అయినా చావు చావే. కాల్షీట్ల మాటకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

పెన్నాగట్టు: మీకు కాల్షీట్లే కనిపిస్తున్నాయి, మనుషులు కనిపించడం లేదు.

తుంగభద్ర: ఆ మాట నాతో అనకండి. మా తమ్ముడు ఇంట్లో తన సంగతి చెప్పి మూడేళ్ళయింది. వాడి పేరెత్తితే మా అమ్మ లేచి వెళ్ళిపోతుంది. ఆ అమ్మే, నేను తెలుగులో చెబుతూ ఉండగా లెక్సా కథ చూసి, ఆమె చనిపోయినప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ అమ్మాయి సుఖంగా బతికి ఉంటే మా అమ్మకు ఆ కన్నీరు వచ్చేదా?

పెన్నాగట్టు: ఆ తరువాత తమ్ముడికి ఫోన్ చేసిందా?

తుంగభద్ర: లేదు.

పెన్నాగట్టు: నాకు నలభై రెండేళ్ళు. 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పు చెప్పిన సాయంత్రం, పక్కన చెప్పుకునే మనిషి లేక, ఏడురోడ్ల దగ్గర ఒక్కడినే నిలబడి రెండు టీలు తాగాను. మా ఇంట్లో వాళ్ళకు నా మీద జాలికి కొదవ లేదు. పండగకు రమ్మన్న పిలుపే లేదు. 'షిట్స్ క్రీక్' సీరియల్ 2020లో డేవిడ్, పాట్రిక్‌ల పెళ్ళితో ముగిసింది. ఇద్దరూ ఆ చిన్న ఊళ్ళోనే కాపురం పెట్టారు. మీ అమ్మగారికి అది చూపించండి.

తుంగభద్ర: పెళ్ళి అనగానే టీవీ కట్టేస్తుంది. అమ్మ సంగతి తరువాత చూద్దాం, ముందు తమ్ముడికి పంపుతాను. లెక్సా విషయంలో మాత్రం కాల్షీట్లే కారణం.