గ్లకోమా లేజర్‌కు వాడే లెన్స్: పారేసేదా, కడిగి వాడేదా?

మధురవాడ నుంచి:
మా అమ్మగారికి నీటికాసులు (గ్లకోమా) ఉన్నందున ఎస్‌ఎల్‌టీ (కంటి లోపలి ఒత్తిడి తగ్గించే లేజర్ చికిత్స) చేయించమన్నారు. పరీక్ష రోజున, ముందు కూర్చున్న పెద్దాయన కంటికి ఆనించిన గోనియో లెన్స్‌ను (కంటిలోని ద్రవం బయటికి పోయే కోణాన్ని చూపే లెన్స్) సిస్టర్ స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిచి, అదే ట్రేలో పెట్టడం కళ్లారా చూశాను. ఒకసారి వాడి పారేసే లెన్స్ వాడమని అడిగితే, వాటిలో కోణం స్పష్టంగా కనిపించదని డాక్టరు గారు అన్నారు. ఇది నిజమేనా, ఖర్చు తప్పించుకునే మాటా?

ఆప్టోమెట్రిస్ట్, గుంటూరు:
మీ అనుమానం సబబే. లెన్స్‌కూ కార్నియాకూ (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మధ్య జెల్ తప్ప మరేమీ ఉండదు కనుక, ఒకరి కన్నీటిలో ఉన్నది మరొకరి కంటికి చేరగలదు. కండ్లకలక తెచ్చే అడినోవైరస్ పొడి ప్లాస్టిక్ మీద కూడా వారాల తరబడి బతకగలదు. స్పిరిట్ దూదితో తుడిచినంత మాత్రాన అది పోయిందని నమ్మలేం. తయారీదారు సూచించిన హైపోక్లోరైట్ వంటి ద్రావణంలో చెప్పినంతసేపు నానబెట్టి, నీటితో బాగా కడిగి ఆరబెట్టాలి. ఈ చివరి కడుగుడే తూతూమంత్రంగా సాగే ప్రమాదం ఉంది. మిగిలిపోయిన రసాయనం కార్నియా పైపొరను దెబ్బతీస్తుంది.

లీడ్స్ నుంచి:
ఇంగ్లండ్‌లో కొత్తగా బయటపడిన ఓపెన్ యాంగిల్ (కోణం మూసుకుపోని రకం) గ్లకోమాకు చుక్కల మందు కంటే ముందు ఎస్‌ఎల్‌టీ ఇవ్వాలని 2022లో నైస్ (అక్కడి వైద్య మార్గదర్శకాల సంస్థ) మార్గదర్శకాలు మార్చారు. నాకు లేజర్ చేసినప్పుడు నా ఎదుటే కవరు చించి లెన్స్ తీశారు. జెల్ వల్ల కాసేపు అంతా మసకగా కనిపించింది. తర్వాత కంటి ప్రెషర్ చూసి పంపారు. ఇన్ఫెక్షన్ రాలేదు, కానీ ఆ ఘనత లెన్స్‌దేనని అనలేను.

హనుమకొండ నుంచి:
మా నాన్నగారి విషయంలో పారేయవలసిన లెన్స్‌నే తుడిచి మళ్లీ వాడారు. అంచు దగ్గర వెంట్రుకంత సన్నని బీటలు నాకే కనిపించాయి.

ఆప్టోమెట్రిస్ట్, గుంటూరు:
అలాంటి లెన్స్‌ల అక్రిలిక్ ప్లాస్టిక్‌కు స్పిరిట్ తగిలితే అలాంటి బీటలే వస్తాయి. కవరు మీద వలయంలో 2 అంకెను కొట్టివేసిన గుర్తు ఉంటే, దాన్ని రెండోసారి వాడకూడదని అర్థం. స్పష్టత సంగతికొస్తే, డాక్టరు గారి మాటలో కొంత నిజం లేకపోలేదు. పరీక్షకు మాత్రమే చేసిన చవక లెన్స్‌తో లేజర్ చేయకూడదు, ఎందుకంటే ఎస్‌ఎల్‌టీలో 532 నానోమీటర్ల కాంతి 400 మైక్రాన్ల చుక్కగా కోణంలోని జల్లెడ కణజాలం మీదే పడాలి. లేజర్‌కు తగినదని తయారీదారు రాసి ఇచ్చిన డిస్పోజబుల్ లెన్స్‌లు వేరే ఉన్నాయి, వాటిని అడగండి. అవి దొరకకపోతే, సక్రమంగా శుద్ధి చేసిన మామూలు లెన్స్‌తోనైనా చేయించండి. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు కనుక లెన్స్ కోసం చికిత్సను నెలల తరబడి వాయిదా వేయకండి.