డిగ్రీ రెండో సంవత్సరంలోనే సమాంతర ప్రోగ్రామింగ్ పెట్టాలా?

సరళరేఖ
మా భౌతికశాస్త్ర విభాగంలో సిలబస్ మారుతోంది. సమాంతర ప్రోగ్రామింగ్‌ను, అంటే ఒకే లెక్కను ముక్కలు చేసి ఒకేసారి నడపడాన్ని, రెండో సంవత్సరంలోనే పెట్టాలని నేను ప్రతిపాదించాను. సహోద్యోగుల్లో సగం మంది వద్దంటున్నారు. మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా ఇప్పుడు నాలుగో ఎనిమిదో కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉంటున్నాయి. మనం నేర్పే ప్రోగ్రామ్ వాటిలో ఒక్కదాన్నే వాడుకుంటుంది. పిల్లలు పరిశోధనకు వెళ్లాక తొలిసారి క్లస్టర్‌ను, అంటే కలిపి వాడే కంప్యూటర్ల గుంపును చూసి, దానికి జాబ్ (నడపాల్సిన పని) ఎలా పంపాలో తెలియక నెలలు పోగొట్టుకుంటున్నారు. సమాంతరంగా రాయడానికి వాడే ఎంపీఐ ప్రమాణం 1994లో వచ్చింది, ఓపెన్ ఎంపీ 1997లో వచ్చింది. ఇంకా ఎప్పుడు నేర్పుతాం?

పాత ఫోర్ట్రాన్
వద్దన్న సగం మందితో నేనూ ఉన్నాను. ముప్పై ఏళ్లు వాతావరణ నమూనాలకు కోడ్ రాశాను. ఒక్క కోర్ మీద కుంటుతూ నడిచే ప్రోగ్రామ్‌ను వంద కోర్ల మీద పెడితే, వంద కోర్లూ కుంటుతాయి.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. సీ భాషలో 5000 అడ్డువరసలు, 5000 నిలువు వరసలు ఉన్న డబుల్ సంఖ్యల (ఒక్కోటి 8 బైట్లు) పట్టిక తీసుకోండి. అంటే 20 కోట్ల బైట్లు. మొదట అడ్డంగా నడుస్తూ కూడండి, తరవాత నిలువుగా నడుస్తూ కూడండి. లెక్క అదే, కూడికల సంఖ్య అదే. కానీ రెండోది చాలా నిదానంగా నడుస్తుంది. ప్రాసెసర్ మెమరీ నుంచి సంఖ్యలను ఒక్కొక్కటిగా తెచ్చుకోదు, సాధారణంగా ఒక విడతకు 64 బైట్లు తెచ్చుకుంటుంది. అందులో ఒకే అడ్డువరసలోని ఎనిమిది సంఖ్యలు పడతాయి. నిలువుగా నడిస్తే వాటిలో ఒకటి వాడుకుని, మిగతా ఏడింటి వంతు వచ్చేలోగా వాటిని క్యాష్ (ప్రాసెసర్ పక్కనుండే చిన్న మెమరీ) నుంచి పోగొట్టుకుంటాం. ఫోర్ట్రాన్ భాషలో పట్టికను నిలువుగా పేరుస్తారు కాబట్టి అక్కడ ఇది తిరగబడుతుంది. ఈ సంగతి తెలియని విద్యార్థికి థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల వరసలు) ఎందుకు?

మంచుబిందువు
సీ, ఫోర్ట్రాన్ అంటూ ఇంకా ఎన్నాళ్లు? పైథాన్ నేర్పితే చాలు. లెక్కలకు దానిలో నంపై అనే సిద్ధమైన కోడ్ ఉంది కదా.

పాత ఫోర్ట్రాన్
నంపై వేగంగా నడిచేది లోపల సీ ఉండబట్టే. మాత్రికల గుణకారాన్ని అది బ్లాస్ అనే రెడీమేడ్ కోడ్ సంకలనానికి అప్పగిస్తుంది. 1979 నాటి మొదటి బ్లాస్‌ను రాసింది ఫోర్ట్రాన్‌లో.

మంచుబిందువు
లోపల ఏముంటే విద్యార్థికేమిటి?

పాత ఫోర్ట్రాన్
లోపల ఏముందో తెలుసుకోవడం కాకపోతే చదువంటే ఏమిటి?

సరళరేఖ
భాషల గొడవ మరోచోట పెట్టుకుందాం. పాత ఫోర్ట్రాన్ గారూ, మీరు చెప్పిన పట్టిక పాఠం నా సిలబస్‌లో మొదటి వారంలోనే ఉంది. నేను దాన్ని వదిలేయమనలేదు, అక్కడే ఆగవద్దంటున్నాను. రెండు థ్రెడ్లు ఒకే లెక్కపెట్టే చరరాశిని ఒకేసారి పెంచితే ఒకదాని పెంపును మరొకటి చెరిపేయవచ్చని ఎంత వివరించినా పిల్లలకు ఎక్కదు. పది లక్షలు రావాల్సిన చోట ఒకసారి ఆరు లక్షల చిల్లర, మరోసారి ఏడు లక్షల చిల్లర కనిపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఒక్క థ్రెడ్‌తో ఆ పాఠం ఎన్నేళ్లు చెప్పినా రాదు.

పాత ఫోర్ట్రాన్
కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పాడు. ప్రోగ్రామ్‌లో పదో వంతు వరసగా నడవక తప్పనిదైతే, 16 ప్రాసెసర్లు పెట్టినా వేగం 6.4 రెట్లే అవుతుంది. ఎన్ని పెట్టినా పది రెట్లు దాటదు. ముందు ఆ పదో వంతు ఎక్కడుందో వెతకడం నేర్పండి.

సరళరేఖ
ఆ సూత్రం కూడా మూడో వారంలో ఉంది. నేను రాసింది చదివి జవాబు ఇస్తున్నారా?

ల్యాబ్ తాళాలు
క్లస్టర్ చూసుకునేవాడిగా ఒక్క మాట. గణనను క్యూలో పెట్టకుండా లాగిన్ నోడ్ (అందరూ మొదట ప్రవేశించే కంప్యూటర్) మీదే నడిపేస్తారు, అందరి పనీ ఆగిపోతుంది. గత నెలలో మా దగ్గర ఇది మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ అధ్యాపకులే.

మూడో సంవత్సరం
నేను విద్యార్థిని. మాకు ఈ కోర్సు ఉంది, అందుకే రాస్తున్నాను. పది లక్షల ఉష్ణోగ్రతల సగటు కట్టమన్నారు. ఒక్క థ్రెడ్‌తో ఒక జవాబు వచ్చింది. నాలుగు థ్రెడ్లతో కడితే ఆరో అంకె దగ్గర తేడా వచ్చింది. సార్ చూసి, "సమాంతరంగా రాయడం నీకు రాలేదు, జవాబు మారిపోయింది" అని సగం మార్కులు తీసేశారు. రెండు రాత్రులు కూర్చుని తప్పు వెతికాను, దొరకలేదు. ఆ తరవాత ఆ కోర్సు అంటేనే భయం పట్టుకుంది. ఇప్పటికీ నా తప్పేమిటో నాకు తెలియదు.

పాత ఫోర్ట్రాన్
బాబూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ తప్పు లేకపోవచ్చు. ఇది చేసి చూడు. సింగిల్ ప్రెసిషన్‌లో (ఒక్కో సంఖ్యకు 4 బైట్లే) 1.0ని నాలుగు కోట్ల సార్లు కూడు. కంపైలర్‌కు కూడికల వరస మార్చే అనుమతి ఇవ్వకు. మొత్తం 1,67,77,216 దగ్గర ఆగిపోతుంది. అది రెండు 24వ ఘాతం. అక్కడి నుంచి ఒకటి కలిపినా నిలబడదు, గుండ్రంగా సవరించేటప్పుడు పోతుంది. ఇప్పుడు అదే పనిని నాలుగు థ్రెడ్లకు కోటి చొప్పున పంచు. ఒక్కోటి కోటి దగ్గర క్షేమంగా ఆగుతుంది, నాలుగూ కలిపితే సరిగ్గా నాలుగు కోట్లు వస్తుంది. ఇక్కడ తప్పు ఒక్క థ్రెడ్‌ది, సరైన జవాబు నాలుగింటిది. నీ మార్కులు తీసేసిన పెద్దమనిషికి ఈ సంగతి తెలియదు. సరళరేఖ గారూ, నా భయం ఇదే. తెలియనివాళ్ల చేతికి ఈ సిలబస్ ఇస్తే పిల్లలు ఇలాగే నలిగిపోతారు.

సరళరేఖ
ఆ అధ్యాపకుణ్ణి అంత తేలిగ్గా తీసిపారేయకండి. అలాంటి పనే నేనూ చేశాను. నాకు ఈ కోర్సు అప్పగించే ముందు మూడు రోజుల వర్క్‌షాప్‌కు పంపారు. మొదటి రోజు సగం ప్రారంభోపన్యాసాలకే పోయింది. రెండో రోజు లాగిన్లు పనిచేయలేదు. మూడో రోజు చేతికి ధ్రువపత్రం ఇచ్చారు. తరవాతి సోమవారం అరవై మంది ముందు నిలబడ్డాను. వారానికి పద్దెనిమిది గంటల పాఠాలు, ఆపైన పరీక్షల పని. రాత్రి పదకొండు తరవాత కూర్చుని నేర్చుకుని పొద్దున చెప్పాను. ఒక అమ్మాయి జవాబు మారుతోందని చూపిస్తే, నాకు తెలియదని ఒప్పుకునే ధైర్యం లేక, నీ కోడ్ మళ్లీ చూసుకో అన్నాను. ఆ మాట నన్ను ఇప్పటికీ వెంటాడుతోంది. మీకు ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని నేర్పినవాళ్లు ఉండి ఉంటారు. మాకెవరున్నారు?

పాత ఫోర్ట్రాన్
నాకెవరూ లేరు. కానీ నాకు రానిది నేను తరగతిలో చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

సరళరేఖ
అలాగైతే ఈ విద్య ఏ డిగ్రీ తరగతికీ ఎప్పటికీ రాదు! వచ్చినవాళ్లంతా మీలా పరిశోధనాలయాల్లో ఉంటారు. రానివాళ్లం మేము తరగతుల్లో ఉంటాం. మధ్యలో పిల్లలు ఉంటారు. మీరు రెండో సంవత్సరమా నాలుగో సంవత్సరమా అని వాదిస్తున్నారు. ఏ సంవత్సరంలో పెట్టినా ఆ గదిలో నిలబడేది నాలాంటివాళ్లే కదా!

ల్యాబ్ తాళాలు
ఇది నిజం. మా దగ్గర యంత్రానికి డబ్బు దొరికింది, మనుషులకు దొరకలేదు.

మూడో సంవత్సరం
పాత ఫోర్ట్రాన్ సార్, చేసి చూశాను. సరిగ్గా 1,67,77,216 వచ్చింది. నాలుగు థ్రెడ్లతో నాలుగు కోట్లు వచ్చింది. నా ఉష్ణోగ్రతలను డబుల్‌లోకి మార్చి కూడితే, రెండు జవాబులూ చివరి ఒకటి రెండు అంకెల దాకా కలిశాయి. సరళరేఖ మేడమ్, మా సార్ మీద కోపంతో రాశాను, నిజమే. కానీ ఆ రోజు సార్ "ఆగు, ఇద్దరం చూద్దాం" అని ఉంటే నాకు మార్కులు పోయినా బాధ ఉండేది కాదు.

పాత ఫోర్ట్రాన్
సరళరేఖ గారూ, నేను వాడిన "పెద్దమనిషి" అనే మాటను వెనక్కి తీసుకుంటున్నాను. రెండో సంవత్సరం సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. సంఖ్యాత్మక విశ్లేషణ ఒక్క సెమిస్టర్ అయినా ముందు ఉండి తీరాలి.

సరళరేఖ
అది చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు. నా ప్రతిపాదనలో ఇంకొకటి కూడా చేరుస్తున్నాను. కోర్సు మొదలయ్యే ముందు సెమిస్టర్‌లో, చెప్పబోయేవాళ్లకు సగం పాఠాలు తగ్గించాలి. ఆ సమయంలో వాళ్లు తమ సొంత పరిశోధన కోడ్‌నే క్లస్టర్ మీద నడపాలి. విభాగం దీనికి ఒప్పుకోకపోతే కోర్సు ప్రతిపాదన మొత్తాన్నీ నేనే వెనక్కి తీసుకుంటాను.

పాత ఫోర్ట్రాన్
ఆ సెమిస్టర్‌లో వారానికి ఒక సాయంత్రం నేను ఆన్‌లైన్‌లో కూర్చుంటాను. ఉపన్యాసం ఇవ్వను. మీ కోడ్ తెరిచి పెట్టండి, కలిసి చదువుదాం. ముందు ఆ అమ్మాయి కోడ్ ఉంటే పంపండి.