అప్‌డేట్: ఫిబొనాచీ 93వ సంఖ్య మైనస్‌లో రావడం (తేలిపోయింది)

పోయిన వారం అడిగింది నేనే. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో 1, 1తో మొదలుపెట్టి ఫిబొనాచీ వరస (ముందున్న రెండు సంఖ్యలు కూడితే తర్వాతిది) వేస్తుంటే 92వ సంఖ్య దాకా బాగానే వచ్చి, 93వది -6246583658587674878 అని పడుతోందని రాశాను.

కారణం మీరు చెప్పిందే. నేను వాడిన లాంగ్‌లో (జావాలో పూర్ణసంఖ్యలు దాచే ఒక రకం) పట్టే అతి పెద్ద సంఖ్య 9223372036854775807. నాకు రావాల్సింది 12200160415121876738. పట్టక చుట్టు తిరిగి మైనస్‌లోకి పోయింది, ఎర్రర్ అయినా చూపించలేదు. ఎంతో పెద్ద పూర్ణసంఖ్యలు కూడా పట్టే బిగ్‌ఇంటిజర్ వాడమన్నవాళ్లకు థాంక్స్.

అది వాడాక ఇంకో తంటా. ఎన్నోది అడిగినా 1 అనే వస్తోంది! రెండు రోజులు బుర్ర తినేసింది. విశాఖ మద్దిలపాలెం రూమ్‌లో మా శ్రీకాకుళం ఫ్రెండ్ టీ గ్లాసుతో వచ్చి స్క్రీన్ చూసి, "ఏట్రా, కూడావు సరే, వచ్చింది ఎక్కడ పెట్టావు?" అన్నాడు. నిజమే, 'ఎ.యాడ్(బి)' (ఎ-కి బి-ని కూడు) అని రాసి వదిలేశాను. అది ఎ-ని మార్చదు, కొత్త సంఖ్యను ఇస్తుంది. దాన్ని వేరియబుల్‌లో (విలువను దాచుకునే పేరు) పెట్టగానే 1000వ సంఖ్య వచ్చేసింది: 209 అంకెలు, చివర 8875.

డబుల్ (దశాంశ సంఖ్యలు దాచే రకం) వాడితే మైనస్ రాదు గానీ, 79వ సంఖ్య నుంచి చివరి అంకెలను నమ్మలేం. పోయిన వారం నా పోస్టు కింద నడిచిన, ల్యాప్‌టాప్ 32 బిట్టా 64 బిట్టా అన్న చర్చకూ ఈ మైనస్‌కూ సంబంధమే లేదు. అది చూసి జావా అనవసరంగా రెండుసార్లు ఇన్‌స్టాల్ చేశాను.